పొగ లేని ఏడు ఇళ్ళు

కూలిన ఇళ్ళు ఇరవై మూడు. కొట్టుకుపోయిన పశువులు ముప్పై ఒకటి. ఇసుక మేట వేసిన మడులు ఎన్నో, లెక్కకు అందలేదు. మనుషులు తొమ్మిది మంది. సంత నుంచి తిరిగొస్తూ గెడ్డవాగు దాటబోయి పోయారు. ఇదంతా వాన తీసుకున్నది. దీనికి నేను జవాబుదారీ కాను. నేను పోగొట్టింది వేరే ఉంది. తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను, ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఓదార్చకండి.

పెద్ద యుద్ధం ముగిసిన కొత్త రోజులవి. అరకు సంతలో ఒక షావుకారు దగ్గర లెక్కలు చూసేవాణ్ణి. బడికి వెళ్ళలేదు. చింతగింజలతో నేర్చుకున్న లెక్క. అందుకే దాని మీద అంత గర్వం. వరద కబురు అందగానే సాలూరులో పెద్దమనుషులు సంఘం పెట్టారు. పాటలు పాడుతూ వీధులు తిరిగారు, జోలె పట్టారు, కన్నీళ్ళు పెట్టుకున్నారు. బియ్యం పోగయ్యాయి. ఏ గూడెంలో ఎన్ని పొయ్యిలున్నాయో చూసి రావడానికి మాత్రం ఒక్కడూ కొండెక్కలేదు. నన్ను పంపారు. "అడిగి రాయకు, కొండవాళ్ళు పెంచి చెబుతారు. పొగ చూసి రాయి" అన్నారు. ఆకలిగా ఉన్నవాడి మాట నమ్మని జాలి అది. అప్పుడు నాకు కోపం రాలేదు. మంచి పద్ధతే అనుకున్నాను. కోపం ఇప్పుడు వస్తోంది. ఎవరికి ఉపయోగం?

చివరి గూడెంలో గెడ్డకు ఇవతల పొగలు లెక్కపెట్టాను. అవతల ఏడు ఇళ్ళు. పొగ లేదు. ఖాళీ అని రాశాను.

చావు జరిగిన ఇంట పదోనాటి దాకా పొయ్యి ముట్టించరని నాకు తెలియదా? పదేళ్ళు వాళ్ళ మధ్య బతికినవాణ్ణి. ఆ క్షణంలో గుర్తు రాలేదని ఏళ్ళ తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఒడ్డున నిలబడినప్పుడే గుర్తొచ్చింది. గెడ్డలో నడుముదాకా నీళ్ళు, పొద్దు వాలుతోంది, కాళ్ళు పీకుతున్నాయి. ఇవతలి ఒడ్డున ఎవరిని అడిగినా చెప్పేవారు. కానీ అడగొద్దన్నారుగా! ఆ మాట వెనక దాక్కున్నాను.

పెరికె సంచులు వేసిన ఎడ్ల మీద బియ్యం వచ్చిన నాడు, కొలత మొదలుకాక ముందే బుద్రి వచ్చింది. ఆ ఏడిళ్ళలో ఒకటి ఆమెది. గెడ్డ తీసుకున్న తొమ్మిది మందీ ఆ ఇళ్ళవాళ్ళే, వాళ్ళలో ఆమె మొగుడూ ఉన్నాడు.

"ఏటి బాబూ, మా పక్క ఇళ్ళు నీ నెక్కలో నేవంట?"

"మీ ఇళ్ళల్లో పొగ లేదు గదా."

"సావింట పొగెలాగొత్తాది? నువ్వొచ్చిననాటికి మాకు పదోనాడు అవనేదు. నీకు తెల్దేటి, మా ఇంట అంబలి తాగినోడివి?" అని నవ్వింది. "పోనీ, మేమూ సచ్చినోళ్ళలో కలిసిపోనామనుకుంటాం. మరి ఆకలని ఏడిసే గుంటల్ని ఏటి సెయ్యమంటావు?"

నేను రాసినవి మొత్తం నూట ఇరవై ఆరు పొయ్యిలు, పొయ్యికి రెండు కుంచాలు. ఒక్కో ఇంటి వాటాలో రెండు సోలలు తగ్గిస్తే ఆ ఏడిళ్ళకూ నిండుగా వచ్చేది. ఆమె ఎదుట నిలబడగానే ఆ లెక్క మనసులో తేలిపోయింది. అంత బేగి వచ్చిన లెక్క నోటిదాకా ఎందుకు రాలేదు? బియ్యంతో వచ్చిన సంఘం మనిషి నా పక్కనే ఉన్నాడు. "ఏమంటోంది?" అన్నాడు. తప్పు రాశానని అతని ముందు చెప్పుకోవాలి. నా లెక్కకు మచ్చ.

"ఏం లేదండి. లెక్క సరిపోయింది" అన్నాను.

బుద్రి నా మొహంలోకి చూసింది. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని గెడ్డవైపు నడిచింది.

సాలూరులో నాకు శాలువా కప్పారు. ఒక్క గింజ వృథా పోలేదని చప్పట్లు కొట్టారు. నెల తిరక్కముందే ఆ ఏడిళ్ళవాళ్ళు కూలీల మేస్త్రీ వెంట అస్సాం తేయాకు తోటలకు పోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు.

ఆ తర్వాత సంఘాన్ని తిట్టాను, గెడ్డను తిట్టాను, షావుకారుతో పోట్లాడి కొలువు మానాను. నా బాకీ ఇంకొకరి పేర రాయడమే కదా అదంతా? ఈ సంవత్సరం పద్నాలుగు కుంచాల బియ్యం ఎద్దు మీద వేసుకుని ఆ గెడ్డ దాటాను. నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు. బుద్రి ఇంట్లో పొయ్యిరాళ్ళు మూడూ అలాగే ఉన్నాయి. మధ్యలో గడ్డి మొలిచింది. ఎవరికి కొలవను? బియ్యం తిరిగి తోలుకొచ్చాను.

ఇది రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. ఆ హాయి మీద కూడా నాకు కోపమే. వాళ్ళకు అన్నం అందలేదు, నాకు ఊపిరెందుకు అందాలి?

పొయ్యిలు ఏడు. పొయ్యికి రెండు కుంచాలు. ఇవాళ్టికీ బాకీ పద్నాలుగు కుంచాలు.