గేటు లోపలి బండి కోసం మేడ్చల్ దాకా

ఉదయం ఎనిమిదింపావుకు బహదూర్‌పల్లిలో బస్సెక్కాం, నేనూ యాదగిరీ. పోలీసులు పట్టుకున్న మా కాలనీ బ్యాటరీ బండిని మేడ్చల్ నుంచి సాయంత్రంలోగా విడిపించుకురావాలి. లేకపోతే ఎప్పుడు చేతికొచ్చినా సరే, అమ్మిన షాపుకే తిరిగిచ్చేద్దామని మా కాలనీ అధ్యక్షుడు రావుగారు తేల్చేశారు.

బండి పోతే యాదగిరి ఉద్యోగమూ పోతుంది. పదిహేనేళ్లు లారీ నడిపిన మనిషి. ప్రమాదంలో ఎడమకాలు పట్టు తప్పాక క్లచ్ తొక్కలేక ఇంట్లో కూర్చున్నాడు. మా బండికి క్లచ్ లేదు. వెనక వీధుల్లోని ముసలివాళ్లను గేటు దాకా చేర్చడానికి అతన్ని పెట్టుకున్నాం.

తప్పు నాది కూడా. ఈ చుట్టుపక్కల ఏ కొత్త బండి కొన్నా ముందు గండిమైసమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాల్సిందే. “అమ్మకు జూపియ్యక బండి నడుపుడేంది సార్” అన్నాడు యాదగిరి. తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డ నేను, పైగా కాలనీ కార్యదర్శిని, ఆపాల్సింది పోయి పూలదండ పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాను. ఎవరడుగుతార్లే అనుకున్నాను. గుడి కనిపిస్తుండగానే ట్రాఫిక్ వాళ్లు అడిగారు. నంబరు లేదు, ఇన్సూరెన్సు లేదు.

ఆ గుడి దగ్గరి గండిమైసమ్మ చౌరస్తాలోనే బస్సు మారాం. పక్కన పూలబుట్టతో కూర్చున్నామె మా గోడు విని, “గా పిల్ల బండికి గూడ నంబర్ గావాల్నా? గిదేం పరేషాన్ సారూ” అంది. ఆ మాటతో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

తొమ్మిదిన్నరకు మేడ్చల్ ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ చేరాం. టీ, రెండేసి సమోసాలు. పదిన్నరకు అధికారిణి వచ్చారు. చిన్న బండి మేడం, మెల్లగా పోతుంది అని నేను ఏకరువు పెట్టాను.

“మెల్లగ పోతదనే నా భయం. ఎనక లారీ మెల్లగ రాదు గద సార్” అన్నారావిడ. జరిమానా కట్టి, ఇది రోడ్డు బండి కాదని షాపు వాళ్ల కాగితం, మళ్లీ గేటు దాటనివ్వబోమని మా హామీపత్రం తెస్తే ఇస్తానన్నారు.

షాపు శామీర్‌పేటలో. షేర్ ఆటోలో పన్నెండుకు చేరాం. షాపు ముందు రిసార్టులకు వెళ్లే లావు టైర్ల మట్టి బండ్లను డీసీఎం వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు.

“గవి మట్టిల తిరిగేటివి. రోడ్డు మీద గిట్ల మోస్కపోవాల్సిందే” అన్నాడు డీసీఎం డ్రైవర్. మా బండి ఇంటికెలా వస్తుందో నాకు అప్పటిదాకా తట్టనే లేదు. యాదగిరి మాత్రం అక్కడికక్కడే అతన్ని సాయంత్రం మేడ్చల్‌కు మాట్లాడేశాడు.

షాపాయన భోజనానికెళ్లి రెండింటికి వచ్చాడు. ఈలోగా మేమూ పచ్చిపులుసన్నం తిన్నాం. కాగితం పట్టుకుని మూడున్నరకు మళ్లీ మేడ్చల్. హామీపత్రం మీద నడిపేవాడి సంతకమూ కావాలన్నారు. యాదగిరి దాన్ని నాతో రెండుసార్లు చదివించుకుని మరీ సంతకం పెట్టాడు. ఐదింటికి బండి మా చేతికొచ్చింది. నాకు అక్కడే ఈల వేయాలనిపించింది.

డీసీఎం ముందు సీట్లో ఇరుక్కుని తిరుగు ప్రయాణం. పక్కనుంచి టిప్పర్లు దూసుకుపోతుంటే, తలుపుల్లేని ఆ బండిలో వీటి మధ్య కూర్చుని వచ్చానా అని ఒళ్లు జలదరించింది. పొద్దుట మోయలేని బరువనిపించిన రూలు మా ప్రాణాల కోసమేనని అప్పుడు అర్థమైంది. గండిమైసమ్మ దగ్గర యాదగిరి దిగి కాయ కొట్టి, డీసీఎం మీదున్న బండికే బొట్టు పెట్టించాడు.

ఆరున్నరకు కాలనీ. డీసీఎం గేటు లోపలికి వచ్చాకే యాదగిరి బండిని దింపనిచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు ఎక్కింది రావుగారే.

“మందుల షాపు దాకా పోనీ యాదగిరీ, రోడ్డవతలే కదా” అన్నారాయన.

యాదగిరి గేటు దగ్గర బ్రేకు తొక్కాడు. “గీడ దిగుండ్రి సార్. గేటు దాటితే గిది బండి గాదు, నేను డ్రైవర్ను గాను. సంతకం జేసిన.”

రావుగారు నావైపు చూశారు. నేను పక్కనున్న చిన్న గేటు తెరిచి పట్టుకున్నాను. ఆయన దిగి రోడ్డు దాటారు. యాదగిరి బండి తిప్పుకుని వెనక వీధికి వెళ్లాడు, అక్కడ ఇద్దరు ముసలమ్మలు అతని కోసం చూస్తున్నారు.