అట్ట మీద రాయని పాట

నిన్న పొద్దున వరండాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తుంటే, పక్కన పెట్టుకున్న ఫోను, నేను పెట్టిన పాటలు అయిపోగానే, నేనడక్కుండానే మా వారికి ప్రాణమైన పాట ఎత్తుకుంది. ఆయన పోయి మూడు నెలలే అయింది. కారం చేతులతో తడబడుతూ దాన్ని ఆపబోయి చూద్దును గదా, తెర మీద "మీ కోసమే ఎంచిన పాటలు" అని ఉంది. ఎంచారట! ఎవరు ఎంచారో, నా గురించి ఏం తెలిసి ఎంచారో! ఒళ్ళు మండింది. ఆ వెంటనే వేటపాలెంలో నాన్న స్నేహితుడు, క్యాసెట్ల కొట్టు బాబాయి గారు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో కావలసిన పాటలు చీటీ మీద రాసి, ఖాళీ క్యాసెట్టుతో పాటు కొట్లో ఇచ్చొస్తే రెండు మూడు రోజులకు రికార్డు చేసి ఇచ్చేవారు. బాబాయి గారికి ఇంకో అలవాటుండేది. పాటలన్నీ అయ్యాక చివర్న కాస్త టేపు మిగిలితే, ఊరికే వదలబుద్ధి కాక, తనకు తోచిన పాట ఒకటి ఎక్కించి, అట్ట మీద దాని పేరు మాత్రం రాసేవారు కాదు. అడిగిన పాటలకంటే ఆ అడగని పాట కోసమే మేం కాచుక్కూర్చునేవాళ్ళం.

నాకు కొత్తగా టీచరుద్యోగం వచ్చిన ఏడు నాన్న పోయారు. అమ్మ జీడిపప్పు పనికి వెళ్ళడం మానేసింది, చర్చిలో పాట ఎత్తడం మానేసింది, పిలిస్తే తప్ప పలికేది కాదు. నాన్నకిష్టమైన పాటలన్నీ వినిపిస్తే తేరుకుంటుందని నా తెలివి. చీటీ రాసిచ్చాను. తీరా క్యాసెట్టు చేతికొచ్చాక చూస్తే, నేను మొట్టమొదట రాసిన పాట, నాన్న సైకిలు మీద ఇంటికొస్తూ వీధి మొదట్లోనే అందుకునే పాట, అందులో లేదు. కొట్టు ముందే నిలబడి బాబాయి గారిని దులిపేశాను.

"ఆ పాట ఇప్పుడొద్దమ్మాయ్," అన్నారాయన తల వంచుకుని. "మీ నాన్న గొంతు ఇంకా మీ అమ్మ చెవుల్లోనే ఉంటది. కొన్నాళ్ళు పోనీ."

మా అమ్మ సంగతి నాకంటే మీకెక్కువ తెలుసా అని విసురుగా వచ్చేసి, మళ్ళీ ఏడాది దాకా ఆ గడప తొక్కలేదు.

నాన్న పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక జరిపించాం. ఆ తర్వాతి వారం, స్కూలు పండక్కి పిల్లల డాన్సు పాటలు కావలసి తప్పనిసరై కొట్టుకు వెళ్ళాను. ఆ క్యాసెట్టు ఇంట్లో వేసి సరిచూసుకుంటుంటే, డాన్సు పాటలన్నీ అయిపోయాక నాన్న పాట వచ్చింది. చాటలో బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగింది. నేను గబుక్కున ఆపబోతే వద్దని సైగ చేసి, రెండో చరణంలో తనూ గొంతు కలిపింది. ఏడుస్తూనే పాడింది. ఆ ఆదివారం చర్చిలో మళ్ళీ పాట ఎత్తింది.

బాబాయి గారికి మాత్రం నేనా మాట చెప్పలేదు. బెట్టు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే సీడీలొచ్చాయి, కొట్టు మూతపడింది, ఆయన కూతురి దగ్గరికి మంగళగిరి వెళ్ళి అక్కడే కన్నుమూశారు.

నిన్నటి ఫోను గొడవ చెబితే మా మేనకోడలు, "అదేముందత్తా, ఆ పాట ఇంకెప్పుడూ రాకుండా నొక్కేస్తా, ఇటియ్యి," అంది. ఇవ్వలేదు. ఎప్పటికీ రావద్దని నేనెలా అంటాను? ఆ పాట నాక్కావాలి. కొన్నాళ్ళు పోయాక, నేనడక్కుండా, నా మొహం చూసి ఎవరైనా వెయ్యాలి. అలా చూసి పాట వేసేవాళ్ళు నాకిప్పుడు ఎవరూ లేరు.