మూడో పిలుపు

విశాఖలో మగాళ్ళు ఎదురుపడితే ఒకరికొకరు బావలే. గవర్రాజుకు మాత్రం ఆ మాట వింటే వణుకు. ఊళ్ళో పాత టౌను మురుగులైన్లలో పూడిక తీసే మనిషి అతను. ఒక తొలకరి వానలో బావమరిది నూకాలు మ్యాన్‌హోల్లో దిగి "బావా!" అని ఒక్క కేక పెట్టాడు. గవర్రాజు తాడు లాగేసరికే ప్రాణం పోయింది.

అప్పట్నుంచి ప్రతి తొలకరికీ గవర్రాజుకు భూమిలోంచి అదే కేక వినిపించేది. భార్య గౌరీశ్వరి, చచ్చినవాడికి సొంత అక్క, ఒట్టు వేయించుకుంది.

"మూడోసారి పిలిత్తేగానీ పలక్కు. సచ్చినోడు మూడుసార్లు పిలవడు. పలికావో, నిన్నూ అట్టుకుపోతాడు."

గవర్రాజు పలికేవాడు కాదు. చెవులు మూసుకుని ఏడ్చేవాడు, పాపం.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం తొలివాన దంచింది. తొలివానంటే మాటలా! ఎండాకాలమంతా రోడ్ల మీద పేరుకున్న బొగ్గుపొడి, లారీల నూనె, చెత్త అన్నీ కడిగి ఊరి వాగు, అదే గెడ్డలో పోస్తుంది. గెడ్డ తీసుకెళ్ళి సముద్రంలో పోస్తుంది. పైగా మురుగులైను పూడిందా, ఇళ్ళ మురుగంతా పొంగి ఆ గెడ్డలోనే కలుస్తుంది. ఇక రేవులో చేపలు వెల్లకిలా తేలతాయి. అందుకే వానలోనే పూడిక తీయాలి. తోటి పనివాడు కరీం బాషా నడుముకు తాడు కట్టుకుని మ్యాన్‌హోల్లో దిగాడు. పైకొస గవర్రాజు చేతిలో ఉంది. వాన హోరులో కింది చప్పుడేదీ తెలియడం లేదు.

"బావా!"

కేక గవర్రాజు కాళ్ళ కిందనుంచే వచ్చింది. కరీం ఎప్పుడూ "భాయ్" అంటాడే తప్ప జన్మలో బావా అనలేదు. వాడే! నూకాలే! పళ్ళు బిగబట్టి రెండో కేక కోసం చూశాడు. రాలేదు. ఇంకెంతసేపు? ఒట్టు గట్టున పెట్టేశాడు.

"వత్తన్నానురా నూకాలూ!" అని అరిచి, బలమంతా పెట్టి తాడు లాగాడు.

కరీం స్పృహ లేకుండా పైకొచ్చాడు. మడ్డి కదిలించగానే గ్యాసు కొట్టింది. మొహాన వాన పడగా పడగా కళ్ళు తెరిచాడు.

"నన్ను పిలిసావేటి, కరీమూ?"

"నానెక్కడ పిలిసాను భాయ్? గ్యాసు కొట్టగానే నోరు పడిపోనాది."

గవర్రాజు ఇంటికెళ్ళి జరిగింది చెప్పాడు. గౌరీశ్వరి పొయ్యి దగ్గరే కూలబడింది.

"నిన్ను తీసుకుపోడానికి పిలుత్తన్నాడనుకున్నాను గదయ్యా! ఆడు పిలిసింది తాడు లాగమనేనా! సొంత అక్కనయ్యుండి ఆడికి బదులు లేకుండా సేసినాను." వెక్కి వెక్కి ఏడ్చింది. "ఈసారి పిలిత్తే పలుకు. నానూ పలుకుతాను."

మరుసటి తొలకరికి ఇద్దరూ నూకాలు పోయిన మ్యాన్‌హోలు మూత దగ్గర తడుస్తూ నిలబడ్డారు. గెడ్డ హోరు తప్ప ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత ఏ తొలకరికీ వినిపించలేదు.