ఓబులేసు బిగించిన ఫిల్టరు

ఒక మనిషికి తన చేతిపని మీద ఉన్న నమ్మకాన్ని నేను తీసేశాను. ఏళ్లుగా ఆ బరువు నాలోనే ఉంది. కూర్చున్నా, పడుకున్నా, కుట్టు మిషను తొక్కుతున్నా దిగదు. మీరు నన్నెరగరు. నా పేరు కూడా మీకు అక్కరలేదు. ఎరిగినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే మీకు చెబుతున్నాను.

మాది పెనుకొండ. బట్టలు కుడతాను. అమ్మ పోయేనాటికి తమ్ముడు మంజు ఇంకా బడికి పోతున్నాడు. నాయన గొర్రెల వెంట ముదిగుబ్బ వైపు పోతే నెలల తరబడి తిరిగి వచ్చేవాడు కాదు. కొన్నాళ్లకు ఆయనా పోయాడు. మంజును పెంచింది నేనే. నాకు సంబంధాలు వచ్చాయి. వాడి చదువు కానీ అన్నాను. వాడికి ఉద్యోగం రానీ అన్నాను. ఆ తర్వాత అడిగేవాళ్లే లేకపోయారు. గొప్ప కోసం చెప్పడం లేదు. నేను చేసిన పనికి మూలం ఇక్కడే ఎక్కడో ఉందని నా అనుమానం.

ఎర్రమంచి పక్కన ఫ్యాక్టరీలో వాడికి పని దొరికింది. పాత బైకొకటి కొన్నాడు. అప్పటినుంచి ఆదివారం వస్తే ధర్మవరం. అక్కడ మగ్గాల ఇంటి అమ్మాయి ఉంది, భారతి. వాడు నాతో ఏమీ అనలేదు. కానీ చొక్కాకు ఇస్త్రీ చేసుకునే తీరు చూస్తే అక్కకు తెలియదా?

ఆ బండి వేగం వాడికి చాల్లేదు. ఇంజనుకు గాలి సరిగ్గా అందడం లేదన్నాడు. గాలిలో దుమ్ము ఆపే కంపెనీ ఫిల్టరు డబ్బా తీసేసి, పెట్రోలూ గాలీ కలిసే కార్బరేటరు మూతికి నేరుగా తొడిగే కొత్తరకం ఫిల్టరు బెంగళూరు నుంచి తెప్పించాడు. గాలి ఎక్కువ లాగితే పికప్ పెరుగుతుందట. దాన్ని పెట్టడానికి ఓబులేసు మా ఇంటికి వచ్చాడు.

ఓబులేసుది బస్టాండు దగ్గర మెకానిక్ షాపు. వయసులో మంజు కంటే కొంచెం పెద్దవాడు. నన్ను అక్కా అనేవాడు. అతను బిగిస్తే మళ్లీ వదులు కాదని ఊళ్లో పేరు. "మన రోడ్ల దుమ్ముకు ఇది వద్దబ్బా" అని పనిలోకి దిగే ముందు చెప్పి చూశాడు. మంజు వినలేదు. సరేనని డబ్బా విప్పాడు. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలంటూ లోపల ఏదో చిన్న ఇత్తడి ముక్క మార్చాడు. కొత్త ఫిల్టరు తొడిగి, దాని మెడ చుట్టూ ఉన్న ఇనుప పట్టీని స్క్రూతో బిగించాడు. నేను టీ గ్లాసుతో పక్కనే నిలబడి ఉన్నాను.

"లాగి చూడక్కా" అన్నాడు నవ్వుతూ. లాగాను. అది ఇసుమంత కూడా కదల్లేదు.

మంజు బండి స్టార్టు చేశాడు. మునుపు లేని బుస వినిపించింది. వాడి మొహం వెలిగిపోయింది. "ఇంగ ధర్మవరం ఎంతసేపక్కా!" అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు.

తర్వాతి ఆదివారం. మంజు నైట్ షిఫ్టు నుంచి వచ్చి మధ్యాహ్నమైనా ఇంకా నిద్రపోతున్నాడు. బండి వాకిట్లో ఉంది. ఎండకు వీధిలో ఎవరూ లేరు. మిషను డ్రాలో స్క్రూడ్రైవరు ఉంటుంది, సూది మార్చుకోవడానికి. అది తీసుకుని బయటికి వెళ్లాను. ఆ పట్టీ స్క్రూను వదులు చేశాను.

ఫిల్టరు వీధి చివరికి పోయేలోపే ఊడుతుందనుకున్నాను. బండి ఆగిపోతుంది, విసుక్కుంటూ తోసుకొస్తాడు, ఆ పూటకు ధర్మవరం తప్పుతుంది. అంతే అనుకున్నాను. వేగంగా పోయి ఎక్కడ పడతాడోనన్న భయంతో చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా భయమేనా? భయమే అయితే ఫిల్టరు తెచ్చిన రోజే వాడితో గొడవ పడేదాన్ని కదా? దొంగలా వాకిట్లోకి ఎందుకు పోయాను? వాడు ఆ అమ్మాయి దగ్గరికి అంత సంతోషంగా పోవడం నేను చూడలేకపోయాను. రేపు ఆమె ఈ ఇంటికి వస్తే నేనెవరిని అవుతానన్న ప్రశ్న నన్ను తినేసింది. ఇదీ నిజం. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఫిల్టరు వీధిలో ఊడలేదు. ఊరు దాటింది. ధర్మవరం రోడ్డులో పశువుల మేతకు చెనక్కాయ కట్టె వేసుకుని పోతున్న ట్రాక్టరును మంజు దాటబోతుండగా ఊడింది. ఇంజను తడబడింది. ఏమైందోనని వాడు కిందికి చూశాడు. ముందు చక్రం తారు అంచు దిగింది. బండి పడి వాడి కుడి మోచెయ్యి నుజ్జయింది.

హిందూపురం ఆసుపత్రిలో చేర్చాం. కబురు తెలిసి ఓబులేసు పరుగెత్తుకొచ్చాడు. అతణ్ని చూడగానే మా మేనమామ కాలరు పట్టుకున్నాడు. "ఫిల్టరు ఊడిందంట! ఏం బిగించినావురా నువ్వు?" అని వరండా దద్దరిల్లేలా అరిచాడు. ఓబులేసు ఆ చెయ్యి విడిపించుకున్నాడు. నా వైపు తిరిగాడు.

"నేను బిగించినానక్కా. నువ్వు ఆడనే ఉంటివి. లాగి చూడమంటే లాగి చూస్తివి గదా? ఒక్క మాట చెప్పక్కా."

అందరూ నన్నే చూస్తున్నారు. లాగానని చెబితే, మరి ఎవరు వదులు చేశారన్న ప్రశ్న వస్తుంది.

"నాకు గుర్తులేదు ఓబులేసూ" అన్నాను.

అతను కోప్పడతాడనుకున్నాను. అబద్ధమాడుతున్నావంటాడేమో అనుకున్నాను. కానీ అతను స్క్రూ తిప్పుతున్నట్టు గాలిలో వేళ్లు తిప్పి చూసుకున్నాడు. ఆ రోజు పని మొత్తం మనసులో మళ్లీ చేసి చూసుకుంటున్నట్టున్నాడు. చివరికి, "అయితే నేనే మర్చిపోయింటానేమో" అన్నాడు మెల్లగా.

నన్ను అనుమానించాలన్న ఆలోచనే అతనికి రాలేదు. అక్క అబద్ధం చెప్పదు కాబట్టి తన చెయ్యే తప్పు చేసిందనుకున్నాడు.

మా మామ షాపుకు పోయి పనిముట్ల పెట్టె రోడ్డు మీదికి విసిరేశాడట. ఆ తర్వాత బండి తెచ్చినవాళ్లు "ఈసారన్నా బిగించినావా అప్పా?" అని ఎగతాళి చేయడం మొదలుపెట్టారు. చివరికి షాపు మూసి, పెళ్లాన్ని తీసుకుని హిందూపురం వెళ్లిపోయాడు.

మంజు చెయ్యి నయమైంది గానీ పూర్తిగా చాపలేడు. చూడడానికి వచ్చిన భారతి వాడికి అన్నం కలిపి తినిపించడం చూసి పెద్దవాళ్లు పెళ్లి ఖాయం చేశారు. నేను ఏది ఆపాలనుకున్నానో అదే ముందుగా జరిగింది. భారతి మంచి పిల్ల. వదినా, వదినా అని నా వెంటే ఉంటుంది. ఇంటికెవరొచ్చినా మంజు "మా యక్క లేకుంటే నేను లేను" అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఈ ఇంటి గోడలు నా మీదికి జరిగినట్టుంటుంది. ఎక్కడికి పోను? వాళ్ల ప్రేమే నాకు జైలు. నిజం చెబితే దాన్నుంచి బయటపడతాను. కానీ బయట నాకెవరున్నారు?

పోయిన ఏడు లైనింగు బట్ట కోసం హిందూపురం వెళ్లాను. బజారులో ఎవరో అక్కా అని పిలిచారు. ఓబులేసు. జుట్టు నెరిసింది. స్పేర్ పార్టుల కొట్టులో సామాను అందిస్తాడట. స్పానరు పట్టడం మానేశానన్నాడు. "ఇంటికి తాళమేసి మళ్లీ మళ్లీ వెనక్కి పోయి చూస్తాండాక్కా. వేసినానో లేదో నమ్మకం కుదరదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మంజు చెయ్యి ఎలా ఉందని అడిగాడు. ఆ తర్వాత "వానికి నా మీద ఇంగా కోపముండాదా అక్కా?" అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. ఎదురుగా ఉన్నాడు. పక్కన మా వాళ్లెవరూ లేరు.

"లేదు ఓబులేసూ. ఎప్పుడో పోయింది" అన్నాను.

అతని కళ్లు చెమర్చాయి. "ఆ మాట చాలక్కా" అన్నాడు. వద్దంటున్నా నాకు టీ తెప్పించాడు. చెయ్యని తప్పుకు అతనికి క్షమాపణ ఇచ్చి, ఆ టీ తాగి, బస్సెక్కి ఇంటికి వచ్చాను.

నేను చేసినవాటిలో స్క్రూ వదులు చేయడం కంటే, వరండాలో ఆడిన అబద్ధం కంటే, ఆ టీయే నన్ను ఎక్కువ కాలుస్తోంది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. అది చేయగలవాడికి, క్షమించడానికి ఏముందో కూడా తెలియదు. రేపు హిందూపురం వెళ్లి చెబుతానని మాటిస్తే అదింకో అబద్ధం అవుతుంది. వెళ్తానో లేదో నాకే తెలియదు.

ఓబులేసు గట్టిగా బిగించాడు. నేను చూశాను, లాగి చూశాను. వదులు చేసింది నేను. ఇన్నేళ్లలో ఈ నాలుగు మాటలు నాలోంచి బయటికి రావడం ఇదే మొదలు. అక్షరాలు వంకరపోయాయి. అయినా కొట్టేయడం లేదు.