గోడ మీద నా ఫొటో

యాభై ఐదేళ్లకు అక్షరాలు నేర్చుకున్నాను. మా ఊళ్లో పరిశోధన చేసిన అమ్మాయి యూనివర్సిటీలో ప్రదర్శన ఉందని నన్నూ, నా కోడలినీ పిలిచింది. గోడల నిండా పరిశోధనలే. మా ఎర్రనేల, పల్లికాయ తెగులు, ఘణపూర్ కోట రాళ్లు, చివర్లో మా ఊరి ఆడవాళ్లు. అక్కడ నా ఫొటో కనిపించింది. కింద రాసింది కూడబలుక్కుని చదివాను: 'తన తిట్లు పడలేకే కొడుకు పురుగుమందు తాగి చనిపోయాడని ఈమె చెప్పింది.'

ఎవరికీ చెప్పనని ఆ అమ్మాయి ఒట్టేస్తేనే చెప్పుకున్న మాట అది. పంట పోయినందుకే చనిపోయాడని కోడలు ఇప్పటికీ అనుకుంటోంది.

"నీకు చదువొస్తదని తెల్వదు పెద్దమ్మా" అని గొణిగింది ఆ అమ్మాయి.

చదువు రాని కోడలు ఫొటో చూసి మురిసిపోయింది. "మస్తున్నవ్ అత్తమ్మా! కింద ఏం రాసిన్రు?"

"మంచిదాన్నని రాసిన్రు" అన్నాను.

చదువుకొమ్మని రోజూ ఆమెను పోరేదాన్ని. ఇంటికొచ్చి, ఆమె కోసం కొన్న పలకను అటక మీద పడేశాను.