త్రాసు ముల్లును నమ్మని మా పెద్దమామయ్య

కోంటాలో మా పెద్దమామయ్య పోయారని జగదల్‌పూర్‌లో నాకు చెప్పింది బస్సు కండక్టరు. నేను వెంటనే ఏడవలేదు. "నువ్వు చూశావా, విన్నావా?" అని అడిగాను. విన్నానన్నాడు. ఎవరి నోట విన్నావని మళ్ళీ అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు. దేవుడి ముందు దీపం పెట్టి కూర్చున్నాక తెలిసింది, ఆ ప్రశ్నలు నావి కావు, ఆయనవి.

ఆయన మా మామగారి అన్నగారు. కిరాణా దుకాణం నడిపేవారు. రాజుగారి కాలంలో లైసెన్సు దొరికిన రైఫిలు ఒకటి ఆయన దగ్గర ఉండేది. సంస్థానం దేశంలో విలీనమయ్యాక దానికి తూటాలు దొరకడం కష్టమైంది. పేలిన ఇత్తడి గుల్లలను దాచుకుని, వాటిలో మళ్ళీ మందు నింపి, గుండు బిగించి తానే తయారుచేసుకునేవారు. ఆ పనికి తోడుగా నన్ను పిలిచేవారు. ఇంట్లో మెల్లగా మాట్లాడేది నేనొక్కదాన్నే.

"త్రాసు కాడ ఊపిరి గూడ గాలే బిడ్డా" అనేవారు.

కిటికీ మూసేవాళ్ళం. కంసాలి త్రాసులో మందు తూచి, పళ్ళెం ఖాళీ చేసి, మళ్ళీ తూచేవారు. గురివింద గింజలు తూకానికి పనికిరావట, ఏ రెండూ ఒకలా ఉండవట. శబరి నది మీద నుంచి తేమగాలి వీస్తే మందు డబ్బా మూత తీయనిచ్చేవారు కాదు. అన్నం కూడా, అందులో రాయి ఉండే ఉంటుందన్నట్టు మెల్లగా నమిలేవారు.

"దేవుడి మీద భారం వేయండి మామయ్యా" అన్నానొకసారి.

"దేవుణ్ణి నమ్మిన. మందును నమ్మను. మందు కొంచెం అటిటైతే గుండు వేగం మారుతది, తగిలే చోటు మారుతది. సచ్చిన పులి ఊర్లకు రాదు బిడ్డా, దెబ్బతిన్నది వస్తది."

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, ఇప్పపూలు ఏరుకునే రోజుల్లో, పక్క పల్లెలో ఒక ముసలమ్మను చిరుతపులి చంపింది. ఆమె కొడుకు, వెంట పల్లెవాళ్ళు తహసీలు ఆఫీసులో అనుమతి తీసుకుని మా అరుగు మీదికి వచ్చారు. పెద్దమామయ్య రైఫిలు తీశారు. తూటాలు చేతిలోకి తీసుకుని ఆగిపోయారు. మళ్ళీ లోపలికి పోయి త్రాసు తెచ్చుకుని, నింపిన తూటాలను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టారు.

"ఏంది సేట్, నీ తూకం అయ్యేదాక పులి కూసుంటదా?" అన్నాడు ముసలమ్మ కొడుకు.

"పులి కూసోదు. సేట్ భయం తీరేదాక మనమే కూసోవాలె" అన్నాడు ఇంకొకడు. కొందరు నవ్వారు.

తలుపు చాటున ఉన్న నాకూ ఆ అనుమానమే వచ్చింది. ఆయన చేతుల వైపు చూశాను. వణకడం లేదు.

"బిడ్డా, ఇటు రా" అని అందరి ముందూ పిలిచారు. "ముల్లు ఏడుంది?"

"ఎడమకు వాలింది మామయ్యా. మందు తక్కువుంది."

"నాకు రెండు ముళ్ళు కనబడుతున్నయి" అన్నారు నిదానంగా. "ఇవి తూచిననాడు నువ్వు పుట్టింట్ల ఉన్నవ్. నేనొక్కన్నే చూసిన. అందుకే విప్పుతున్న."

ముసలమ్మ కొడుకు వచ్చి త్రాసు ముందు కూర్చున్నాడు.

"మరి గురి, సేట్?" అన్నాడు. ఈసారి ఎగతాళి లేదు, బెదురుంది.

"దూరంది మంచిగనే కనబడుతది. అది గూడ నమ్మను. దగ్గరికి పోయి కొడత. నువ్వు నా పక్కన ఉండు."

నేను ముల్లు చూసి చెప్పాను, ఆయన నింపారు. వాళ్ళు వెళ్ళాక పూజగది వదిలి రాలేకపోయాను. దగ్గరికి పోతానన్నారు, ఎంత దగ్గరికో చెప్పలేదు.

పొద్దు వాలకముందే డోలు చప్పుడు వినిపించింది. చిరుతను కర్రకు కట్టి మోసుకొచ్చారు. ఒకటే గుండు. ముసలమ్మ కొడుకు ఆయన కాళ్ళకు మొక్కాడు. మర్నాడే పెద్దమామయ్య రైఫిలును ఠాణాలో అప్పగించి వచ్చారు. గురి తప్పనివాడు ఎందుకిచ్చాడని ఊళ్ళో చాలాకాలం అనుకున్నారు. ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను చూశాను కనుక అడగలేదు. ఏ పని చేసినా ముందు నన్ను నేను అనుమానించుకోవడం ఆనాడే నేర్చుకున్నాను. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

చిరుతను తెచ్చిన ఆ సాయంత్రం వాకిట్లో అందరూ డోలుకు ఆడుతున్నారు. ఆయన ఒక్కరే చిరుత పక్కన గొంతుక్కూర్చున్నారు. భుజం వెనక ఒక నల్లమచ్చ మీద వేలు పెట్టి, "ఈడ చూసి కొట్టిన" అన్నారు నాతో. తరువాత ఆ వేలిని బొచ్చు మీదుగా మెల్లగా జరుపుకుంటూ పోయారు. చాలా దూరం పోయాక గాయం దగ్గర ఆపారు.