మూడు గీతలు పోయి ఒక చుక్క

మా బాబాయి పటాలంలో హవల్దారు. చొక్కా కుడిచేతి మీద మూడు గీతలుండేవి. సెలవుకి వచ్చినప్పుడల్లా నాన్నమ్మ ఆ చొక్కా ఉతికి, కార్ఖానా ఊళ్లోని భాలుబాసా బస్తీలో మా ఇంటి ముందు, వీధికి గీతలు కనబడేలా ఆరేసేది. నిజానికి ఎండ పెరట్లోనే బాగా పడేది. ఆ సంగతి ఆవిడకి చెప్పేంత ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

నేను కాలేజీలో చేరిన ఏడు బాబాయి రిక్షా దిగేసరికి చెయ్యి బోసిగా ఉంది. భుజాల మీద ఒక్కో చుక్క, కింద చిన్న రంగుపట్టీ. నాయబ్ సుబేదారయ్యాడు. అది హవల్దారు కన్నా పెద్ద మెట్టే. నాన్నమ్మకి తెలిసింది మాత్రం కార్ఖానా లెక్క. అక్కడ మేస్త్రీ పని పోయి మళ్లీ పార పట్టినవాళ్లని ఆవిడ చూసింది. ఉన్నది తీసేశారంటే ఏదో చేసుంటాడు.

అన్నం వడ్డిస్తూ మెల్లగా అడిగింది. “ఏటి సేసినావురా? మూడుండీవి, ఒకటే మిగిల్నాది.”

బాబాయి నవ్వి వివరించాడు. నాన్న వివరించాడు. నేను చదువుకుంటున్నవాణ్ణి కనక ఇంకాస్త వివరంగా చెప్పి, మిగిలిన నమ్మకం కూడా పోగొట్టాను. అందరం కలిసి దాస్తున్నామని తేల్చుకుంది. ఆసారి చొక్కా పెరట్లో ఆరింది. బాగా ఆరింది.

తర్వాత ఆవిడే ఓ దారి వెతికింది. మా వెనక సందులో ఓ కార్ఖానా గేటు కాపలాదార్ల పెద్ద ఉండేవాడు. ఛప్రా ఊరి మనిషి, ఒకప్పుడు పటాలంలో హవల్దారు. ఆయన మీసం చూసి ట్రక్కు డ్రైవర్లు కూడా గొంతు తగ్గించేవారు. పరువు పోయిన కొడుక్కి అక్కడ పనిప్పించాలని, యూనిఫాం తొడిగించి మరీ తీసుకెళ్లింది. తల్లి మాట కాదనలేక బాబాయి వెళ్లాడు. తోడుగా నేనూ.

మంచం మీద బనీనుతో కూర్చున్న ఆ పెద్దాయన, బాబాయి భుజం వైపు ఒక్కసారి చూసి చటుక్కున లేచాడు. మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. “రామ్ రామ్, సాబ్.” మంచం మాకిచ్చి తను నిలబడే మాట్లాడాడు. మా వీధిలో సాబ్ అంటే కార్ఖానా ఇంజనీరొక్కడే. నాన్నమ్మ అడగడానికి వచ్చిన మాట అడగకుండా, టీ తాగి లేచింది.

దారిలో మళ్లీ అడిగింది, మరైతే వచ్చినప్పట్నుంచీ ఎందుకలా దిగులుగా ఉన్నావని. హవల్దారుగా ఉన్నప్పుడు ఎవరి బూటు కరుస్తోందో, ఎవరికి ఇంటి నుంచి ఉత్తరం రాలేదో తనకే ముందు తెలిసేదన్నాడు బాబాయి. “కుర్రోళ్లతో కలిసి తినీవోణ్నమ్మా. ఇప్పుడు నా మెస్సు వేరు. నానెళ్తే నవ్వులాపేత్తన్నారు,” అన్నాడు.

ఆ రాత్రి నాన్నమ్మ ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేసింది. బాబాయి దాన్ని పక్కకి జరిపి, కంచం పట్టుకుని వంటింట్లో ఆవిడ పక్కనే చతికిలబడ్డాడు.

“సాబుగోరు కింద కూకుంటే ఆ ఒక్క చుక్కా పీకేత్తార్రా,” అంటూ ఇంకాస్త పప్పు వేసింది.